తెర వెనక ఎనిమిది ఎత్తులు

ఘటశిఖ మాంత్రికుడి కోటకు ద్వారపాలకులు లేరు. ఆయనకు ఆ అవసరం లేదు. సింహద్వారం దాటగానే విశాలమైన ముంగిలి ఉంది. నల్లరాయి పక్కన తెల్లరాయి, వరసకు ఎనిమిది చొప్పున ఎనిమిది వరసలు. నాలుగు మూలల్లో నాలుగు రాతి ఏనుగులు. మిట్టమధ్యాహ్నపు ఎండలో వాటి దంతాలకు తాపిన కెంపులు కళ్ళు చెదిరేట్టు మెరుస్తున్నాయి. కుంభస్థలాల మీద పగడాల వలలు, మెడల్లో బిందెలంతేసి గంటలు, కాళ్ళకు వెండి కడియాలు. ఎవరో శిల్పి ఏళ్ళ తరబడి కూర్చుని ముద్దుగా చెక్కినట్టున్నాయి. ఆ ముద్దు చూసి లోపలికి అడుగుపెట్టిన వాళ్ళ ఎముకలు రాళ్ళ సందుల్లో పేరుకుని ఉన్నాయి.

ముంగిలి అంచున ఇద్దరు మనుషులు నిలబడ్డారు. ఒకరు శరభగిరి యువరాజు ప్రతాపభానుడు. జరీ తలపాగా, చెవులకు ముత్యాలు, నడుముకు కత్తి, పెదవి మీద సన్నటి మీసం. మీసం మాత్రం తుమ్మజిగురుతో అంటించింది. శరభగిరిలో ఆ పేరు గల యువరాజు ఎవరూ లేరు. ఆమె పేరు కువలయ. విజయకంకణ రాజ్యపు చదరంగ గురువు భూధరాచార్యుల ఒక్కగానొక్క కూతురు. రెండో మనిషి దండన్న. అరవై దాటిన మావటి, చెయ్యి కంటే నోరు చురుకు.

"అమ్మా, నలభై ఏళ్ళు ఏనుగులతో కాపురం చేసినవాణ్ణి చెబుతున్నాను. ఇంత ఒద్దికగా నిలబడ్డ ఏనుగును నమ్మకూడదు," అన్నాడు దండన్న.

"అమ్మా అనకు బాబాయ్. ప్రభూ అను."

"చిత్తం ప్రభూ. అమ్మా, ఆ ఎముకలు చూశావా?"

కువలయ మొదటి రాతి మీద కాలు పెట్టింది. నాలుగు గంటలూ ఒక్కసారి గణగణమన్నాయి. ఎదుటి మూలనున్న ఏనుగు తొండమెత్తి, కొండ విరిగి పడ్డట్టు దూసుకొచ్చింది. కువలయ దండన్న చెయ్యి పట్టి ఐమూలగా పక్క రాతి మీదికి లాగింది. ఏనుగు వాళ్ళను రాసుకుంటూ వెళ్ళి గోడను గుద్దుకుంది. అది తిరగనే లేదు, కుడివైపు నుంచి రెండోది బయల్దేరింది.

"చదరంగంలో ఏనుగు నిలువుగా పోతుంది, అడ్డంగా పోతుంది. నడుమ మలుపు తీసుకోలేదు! నాతోపాటు ఐమూలగా దూకు!"

"నా మోకాళ్ళకు ఆ సంగతి తెలియదు తల్లీ!"

అయినా దూకాడు. రాయి మారి రాయి, నల్లదాని మీంచి నల్లదాని మీదికి, ఏనుగు దంతం వీపుకు తగలబోయే లోపల పక్కకు. నడిబొడ్డుకు వచ్చేసరికి అటొకటి ఇటొకటి రెండు ఏనుగులు ఒకే వరసలో ఎదురెదురుగా వచ్చాయి. కువలయ ఆఖరి క్షణం దాకా ఆగి, దండన్నను తోసి తానూ దూకింది. రెండు రాతి తలలు ఢీకొన్న చప్పుడుకు కోట బురుజుల మీది పావురాలన్నీ లేచిపోయాయి. ఆ దుమ్ములోంచి ఇద్దరూ దగ్గుకుంటూ లోపలి వాకిట పడ్డారు. దండన్న ముందుగా తన తల తడుముకున్నాడు, తర్వాత యువరాజు గారి మీసం సరిచేశాడు.

ఇంత సాహసం దేనికో తెలియాలంటే మూడు నెలలు వెనక్కి పోవాలి. అక్కడ ఎక్కువసేపు ఉండనక్కర్లేదు.

ఘటశిఖుడి దగ్గర ఒక మంత్రపు చదరంగపు బల్ల ఉంది. దాని మీద ఓడినవాడి ఆటవిద్య సమస్తం గెలిచినవాడి తలలోకి వెళ్ళిపోతుంది. ఆ విద్యతో ముడిపడ్డ జ్ఞాపకాలు కూడా ఓడినవాణ్ణి విడిచిపోతాయి. అవి గెలిచినవాడికి దక్కవు, గాలిలో కలుస్తాయి. విద్య తిరిగొస్తేనే వాటి రాక. ఘటశిఖుడు అలా వందమంది ఆటగాళ్ళను మింగి, చివరికి భూధరాచార్యుల వారిని మింగాడు. ఆచార్యులు కూతురికి మూడో ఏట నుంచి అన్నీ చదరంగపు బల్ల ముందే నేర్పారు. అక్షరాలు గళ్ళ మీద, లెక్కలు బంట్ల మీద, తల్లి పోయిన రోజున ఓదార్పు కూడా ఒక ఆట ఆడుతూనే. ఆయనకు కూతురి గురించి ఉన్న జ్ఞాపకాల్లో చదరంగం లేనిది ఒక్కటీ లేదు. కాబట్టి ఆటతోపాటు కూతురూ పోయింది.

నాన్నను నాన్నగా వెనక్కి తెచ్చుకోవాలి. కువలయ వచ్చింది అందుకే. కూతురని తెలిస్తే ఘటశిఖుడు జాగ్రత్తపడతాడని ఈ మీసం.

ఆటమందిరం చూస్తే కళ్ళు తిరుగుతాయి. నూరు స్తంభాలు, ప్రతి స్తంభానికీ గుర్రపు తలలు, వాటి కళ్ళలో నీలాలు. పైకప్పు నడుమ గుండ్రటి తెరపి. అందులోంచి ఎండ బంగారు నీళ్ళలా కిందికి జారి సరిగ్గా చదరంగపు బల్ల మీద పడుతోంది. బల్లకు ఒక పక్క దంతపు పావులు, ఇంకో పక్క నల్లచేవ పావులు. నడుమ తెర పట్టుకుని మనిషెత్తు ఇత్తడి బొమ్మ నిలబడి ఉంది. నల్ల పావుల వెనక పులితోలు మీద ఘటశిఖుడు. జుట్టంతా నడినెత్తిన కుండలా చుట్టి దాని మీద ఎర్ర గుడ్డ కట్టాడు. ముఖం మాత్రం చాలా మర్యాదస్తుడిది.

"రా కుమారా. నా ఏనుగులు నిన్ను విసిగించలేదు కదా?"

"ముచ్చటగా ఉన్నాయి స్వామీ. రెండు మాత్రం తలలు పగలగొట్టుకున్నాయి," అంది కువలయ గొంతు బరువుగా మార్చి.

"నడవాల్సిన దారి తెలిసినవాడివన్న మాట. సంతోషం." ఘటశిఖుడు పక్కకు తిరిగి కేకేశాడు. "ఒరే ముసలీ! దంతపు పావులు తుడువు. అతిథి వచ్చాడు."

స్తంభం చాటు నుంచి ఒక ముసలాయన గుడ్డ పట్టుకుని వచ్చాడు. భూధరాచార్యులు. ఏనాడూ పట్టుపంచె తప్ప కట్టని మనిషి గోనెగుడ్డ చుట్టుకున్నాడు. వచ్చి మంత్రిని ఎత్తి తుడిచాడు, దాన్ని తలకిందులుగా పెట్టబోయి, అది నిలబడకపోతే ఆశ్చర్యపోయాడు.  కువలయకు లేచి ఆ చేతులు పట్టుకుని ఏడవాలనిపించింది. మీసం గుర్తొచ్చి ఊరుకుంది.

"ఇదిగో బాబూ, ఈ పొడుగుది నీదే," అని ఆయన మంత్రిని ఆమె చేతిలో పెట్టి, చిన్నపిల్లాడిలా నవ్వి వెళ్ళిపోయాడు.

ఇత్తడి బొమ్మ నోరు తెరిచింది. లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు మాటలు వినిపించాయి.

"తెర దించుతాను. తెర వెనక చెరి ఎనిమిది ఎత్తులు వేసుకోండి. నడిమి గీత దాటరాదు, అవతలివాడిది చూడరాదు. తెర దించింది మొదలు ఒకరికొకరు వెయ్యబోయే ఎత్తు చెప్పుకోరాదు, 'రాజు' అని తప్ప ఏ పావు పేరైనా చెప్పుకోరాదు. చెబితే ఆ ఆట చెల్లదు, ఆ ఇద్దరికీ ఇంకో ఆట లేదు. రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. కానీ అవతలివాడు ఒక్కసారి 'రాజు' అని అదలిస్తే ఆ దూకుడు హక్కు పోతుంది. ఓడినవాడి విద్య గెలిచినవాడిది. సమ్మతమేనా?"

"సమ్మతం," అన్నారిద్దరూ.

ఎర్ర పట్టుతెర బల్ల నడుమ దిగింది.

ఇప్పుడు కువలయ ముందు ఒక చిక్కు ఉంది. ఆమెకు వచ్చిందంతా తండ్రి నేర్పిందే. తండ్రికి వచ్చిందంతా తెర అవతల ఘటశిఖుడి తలలో ఉంది. ఆమె ఏ ఎత్తు వేసినా అది ఆయనకు ముందే తెలుసు.

మరి ఏ ధైర్యంతో వచ్చింది? ఘటశిఖుడు దోచుకున్న సరుకులో ఒక చిల్లికుండ కూడా ఉందని ఆమెకు తెలుసు.

భూధరాచార్యులకు రాజు దూకడమంటే అసహ్యం. "రాజు నడవాలి. పిల్లమేకలా గెంతే రాజు నాకొద్దు," అనేవారు. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తన రాజును దూకించలేదు. గురువుగారి మనసెరిగిన శిష్యులు వాళ్ళూ దూకించడం మానేశారు. శిష్యుల్ని చూసి రాజ్యమంతా మానేసింది. ఎదుటి రాజు దూకడం ఎన్నడూ చూడని కంటికి, ఎదుటి రాజు దూకగలడన్న సంగతే కనిపించడం మానేసింది. తొమ్మిదేళ్ళప్పుడు కువలయ ఒకసారి దూకించి ఆట గెలిచింది. ఆచార్యులు దెబ్బ తిన్నవాడిలా బల్లవంక చూస్తూ ఉండిపోయి, రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆమె ఆ పని మళ్ళీ చెయ్యలేదు.

విద్యను దోచుకున్నవాడు ఆ గుడ్డితనాన్ని కూడా దోచుకుని ఉండాలి. ఉంటే గెలుపు. లేకపోతే రేపటి నుంచి ఆ గోనెగుడ్డలాంటిదే ఇంకోటి ఆమెకు.

చెయ్యి చాపి మొదలుపెట్టింది. రాజు ముందరి బంటును ఒకటి, మరొకటి, రెండు గళ్ళు తోసింది. మంత్రి ముందరి బంటునూ రెండు గళ్ళు తోసింది. గుర్రాన్ని బయటికి తీసింది. శకటును ఐమూలగా పంపి నడిమి గీత దగ్గర, శత్రువు బంట్ల నోటి ముందు నిలబెట్టింది. ఏడో ఎత్తు: రాజును ఒక గడి ముందుకు. ఎనిమిదో ఎత్తు: మూలనున్న ఏనుగును జరిపి సరిగ్గా రాజు వెనక. చూసేవాళ్ళకు ఇదేదో పిచ్చి పనిలా ఉంటుంది. రాజు ఎదురు ఎండలో, ఏనుగు వెనక నీడలో.

కానీ ఇది భూధరాచార్యుల సొంత వ్యూహం. పేరు గద్దవాలు. ఇందులో పావుల్ని కాపాడుకోవడం అంటూ లేదు. శకటును ఇచ్చేస్తారు, బంట్లనిస్తారు, శత్రువు వాటిని తింటూ ఉండగా నడిమి దారి ఖాళీ అవుతుంది. అప్పుడు రాజు మెల్లగా వెనక పక్క గడిలోకి తప్పుకుంటే, వెనకనున్న ఏనుగు ఒక్క ఊపున శత్రురాజు మీద పడుతుంది. పాములా సరసర జరిగిపోవాలి. ఒక్క ఎత్తు ఆలస్యమైతే తినిపించిన పావులన్నీ దండగ.

గద్దవాలుకు విరుగుడు కూడా ఆచార్యులే కనిపెట్టారు. శకటును దూరపు అంచున నిలబెడితే, రాజు ఉన్న గడీ, నడిచి చేరే గడీ రెండూ దాని ఐమూల దారిలోనే ఉంటాయి. ఎటు నడిచినా రాజు ఆ బాణం కిందే. ఆ విరుగుడు కూతురికొక్కదానికే చూపించారు. ఇప్పుడు ఘటశిఖుడికీ తెలుసు.

దూకితే ఆ దారి తప్పుతుంది. అయితే అప్పటిదాకా ఆయన ఒక్కసారి కూడా "రాజు" అనకూడదు.

ఇత్తడి బొమ్మ తెర ఎత్తింది.

ఘటశిఖుడు ఆమె పన్నుగడను ఒకసారి చూసి పకపకా నవ్వాడు. "గద్దవాలు! కుమారా, ఈ వ్యూహం నీకెవరు చెప్పారు?"

"సంతలో ఒక ముసలివాడు ఆడుతుంటే చూశాను స్వామీ."

"పాపం, సంతలో విరుగుడు చూపించలేదేమో."

ఆయన పన్నుగడ కూడా కువలయ అనుకున్నట్టే ఉంది. నాలుగు బంట్లు ముందుకు, గుర్రం ఒకటి మంత్రి ముందు. అచ్చం నాన్న వేసినట్టే, పావుకూ పావుకూ నడుమ అదే పద్ధతి. కువలయకు ఒక్క క్షణం ఎదుట నాన్నే కూర్చున్నట్టు అనిపించింది.

బంటుతో బంటును కొట్టింది. ఆయన ఆ బంటును పట్టించుకోకుండా ఆమె శకటును మింగాడు. ఆమె రెండో శకటును ఒక గడి బయటికి తెచ్చి రాజు పక్కన పెట్టింది. ఆయన కనుబొమ్మ పైకి లేచింది. శకటు పోయినవాడు ఇంత నింపాదిగా ఉండటం ఆయనకు నచ్చలేదు. ఇంకో బంటును తిన్నాడు. తిన్న తన బంటు పక్కకు జరగడంతో నడిమి దారి పూర్తిగా ఖాళీ అయింది. ఒక కొసన ఘటశిఖుడి రాజు. ఇంకో కొసన కువలయ ఏనుగు. వాళ్ళిద్దరి నడుమ ఒకే ఒక అడ్డు, ఆమె సొంత రాజు.

ఇక్కడే గొంతు మీద కత్తి వచ్చి పడింది. ఘటశిఖుడి ఆ బంటు ఇప్పుడు ఆమె రాజుకు రెండు గళ్ళ దూరంలో ఉంది. దాన్ని ఒక్క గడి ముందుకు తోస్తే "రాజు" పడుతుంది. ఊరికే ఒక్క గడి! దానివల్ల ఆయనకు పెద్ద లాభం లేదు. కానీ కువలయ దూకుడు హక్కు పోతుంది, ఆటా పోతుంది, నాన్నా పోతాడు.

ఆమె ఇంకా రెండు ఎత్తులు తట్టుకోవాలి. రెండో గుర్రాన్ని అంచు గడిలోకి తెచ్చింది.

ఘటశిఖుడి చెయ్యి ఆ బంటు మీదికి పోయింది. రెండు వేళ్ళతో తల పట్టుకున్నాడు. కువలయ పైకప్పు తెరపిలోకి చూస్తూ ఆవలించింది. లోపల చెమట వీపు మీద ధారగా కారుతోంది. వెనక దండన్న ఏ దేవుడి పేరో గట్టిగా గొణుగుతున్నాడు.

"ఊరికే అదలించి ఏం లాభం? తలుపులన్నీ మూసిన తర్వాత తలుపు తట్టాలి," అనుకున్నాడో ఏమో, ఘటశిఖుడు చెయ్యి వెనక్కి తీసుకుని పక్క బంటును తోసి ఆమె శకటు దారి మూసేశాడు. ఆ మాట ఆచార్యులు రోజుకు పదిసార్లు అనేవారు.

కువలయ గుర్రం ఎగిరి తన శకటును తిన్న బంటును కొట్టింది. ఇంకొక్క ఎత్తు.

ఘటశిఖుడు మళ్ళీ ఆ బంటు వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పెదవులు చప్పరించి, శకటును ఎత్తి దూరపు అంచున నిలబెట్టాడు. విరుగుడు. ఐమూల దారి వెంట ఆ శకటు ఆమె గుర్రాన్ని, దాని వెనక రాజును, రాజు నడిచి చేరే గడిని ఒకే వరసలో గుచ్చింది. గుర్రం కదలడానికి వీల్లేదు. రాజు నడిచినా లాభం లేదు.

"నడువు కుమారా," అన్నాడు ఘటశిఖుడు పులితోలు మీద వెనక్కి వాలి. "ఎటు నడుస్తావో నడువు. వచ్చే ఎత్తుకు తలుపు తడతాను. నా దగ్గర ఇంకో గుడ్డ ఉంది. మీరిద్దరూ కలిసి పావులు తుడవచ్చు."

కువలయ రాజును ఎత్తింది. నడిపించలేదు. గుర్రంలా ఒక పక్కకు, రెండు గళ్ళ అవతలకు దూకించి, మూల పక్క గడిలో టక్కుమని పెట్టింది. నడిమి దారి ఈ కొస నుంచి ఆ కొస దాకా తెరుచుకుంది.

"రాజు!" అంది.

ఘటశిఖుడు బల్ల మీదికి వంగాడు. నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి.

"అదేం ఎత్తు?"

"దూకుడు."

"రాజు దూకడమేమిటి! రాజు నడవాలి!" ఆయన నోటి నుంచి వచ్చిన ఆ కేక అచ్చంగా భూధరాచార్యులది. స్తంభం చాటున పావులు తుడుస్తున్న ముసలాయన ఉలిక్కిపడి తలెత్తాడు.

"నియమం ఉంది," అంది ఇత్తడి బొమ్మ.

ఘటశిఖుడి చెయ్యి పావు మీంచి పావు మీదికి పోయింది. మంత్రిని అడ్డం పెడితే మంత్రి పోతుంది. శకటును పెడితే రాజుకు పారిపోయే సందు దొరికేది. ఆ తొందరలో ఆయనకు అది తట్టలేదు. గుర్రాన్ని తెచ్చి రాజు ముందు అడ్డం పెట్టాడు. ఇప్పుడు నల్లరాజు చుట్టూ మంత్రి, శకటు, రెండు గుర్రాలు, బంటు. సొంత పరివారమంతా చుట్టుముట్టి ఆయనకు కాలు కదపడానికి గడి లేకుండా చేసింది. కువలయ గుర్రానికి సంకెళ్ళు తెగిపోయాయి. అది ఎగిరి శత్రురాజు ముంగిట వాలింది. దాన్ని కొట్టగలిగినది రాజు పక్కనున్న శకటు ఒక్కటే, దాని దారిలో అడ్డం పెట్టిన గుర్రం ఉంది. అది కదిలితే వెనక ఏనుగు ఉంది.

"కట్టు," అంది కువలయ.

మందిరం ఒక్కసారి గజగజ వణికింది. ఘటశిఖుడి నెత్తిన చుట్టిన జుట్టు దానంతట అదే విడిపోయి భుజాల మీద పడింది. ఆ కళ్ళలోంచి ఒక వెలుగు లేచి, ఎండలో దుమ్ములా సుడి తిరిగి, కువలయ నొసటిలోకి దూసుకుపోయింది. వందమంది గురువుల వ్యూహాలు, ఎవరెవరో ఏ దేశాల్లోనో పన్నిన పన్నుగడలు, అన్నీ ఒక్కసారి. వాటి నడుమ నాన్న చేతివాటం కూడా. కళ్ళు మూసుకుని తెరిచేసరికి అంతా అయిపోయింది. ఘటశిఖుడు పులితోలు మీద కూర్చుని, తన ముందున్న నల్ల బంటును బొటనవేలితో దొర్లిస్తున్నాడు.

కువలయ మీసం పీకి అవతల పారేసి, తలపాగా లాగేసి, తండ్రి దగ్గరికి పరిగెత్తింది.

"నాన్నా! నేను, కువలయని!"

ఆయన గుడ్డను గుండెలకు హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. "అన్నీ తుడిచేశానమ్మా. కొట్టవు కదా?"

 దొంగ ఓడితే సొమ్ము సొంతదారుకు చేరుతుందనుకుంది కువలయ. ఓడినవాడి విద్య గెలిచినవాడిదని బొమ్మ స్పష్టంగానే చెప్పింది. ఆమె స్పష్టంగానే విని సమ్మతమంది. నాన్న ఆట ఇప్పుడు ఆమె తలలో ఉంది. నాన్న దగ్గర గుడ్డ మాత్రమే ఉంది.

అంతలో బయట గంటలు మోగాయి. యజమాని విద్య పోవడంతో మిగిలిన రాతి ఏనుగులకు పట్టిన కట్టడి తెగిపోయింది. ముంగిలి వదిలి అవి కోటలో పడ్డాయి. గోడలంటూ లేనట్టు, నిలువుగా ఒక పోటు, అడ్డంగా ఒక పోటు. మొదటి దెబ్బకు తూర్పు స్తంభాలు పది కూలాయి. నీలాల కళ్ళు గోళీల్లా దొర్లుతూ వచ్చాయి. ఇత్తడి బొమ్మ కదలకుండా బల్ల పక్కన నిలబడి ఉంది.

"తల్లీ, ముసలాయన్ని నేను భుజాన వేసుకుంటాను, పద పద!" అన్నాడు దండన్న.

"బల్ల ఈ మందిరం దాటి రాదు బాబాయ్. ఇది కూలితే బల్లా ముక్కలవుతుంది. అప్పుడు నాన్న ఎప్పటికీ ఇలాగే."

"అయితే ఏం చెయ్యాలి?"

"నేను నాన్నతో ఆడి ఓడాలి."

దండన్నకు విషయం అర్థమవడానికి ఒక స్తంభం కూలేంతసేపు పట్టింది. "నువ్వు ఓడితే... నీకు ఆట నేర్పింది కూడా ఆయనే కదమ్మా. నీ తలలోంచి ఆయన..."

"అవును. అందుకే చెబుతున్నాను, బాగా విను. ఆట అయ్యాక ఈయన్ని చూసి ఎవరీ ముసలాయన అంటాను. మీ నాన్న అని చెప్పు. నేను నమ్మను. మళ్ళీ చెప్పు. నేను విసుక్కున్నా, తిట్టినా చెబుతూనే ఉండు."

దండన్న కళ్ళు తుడుచుకుని తల ఊపాడు. తర్వాత మావటి అంకుశం తీసుకుని, రాతి ఏనుగు ముందు అదెందుకు పనికొస్తుందో తనకే తెలియకుండా, ద్వారం దగ్గరికి పోయి నిలబడ్డాడు.

కువలయ తండ్రిని నల్ల పావుల వైపు కూర్చోబెట్టింది. ఎదురుగా కూర్చుని గబగబా చెప్పసాగింది. తెర దిగిందంటే ఇంక నోరు విప్పడానికి వీల్లేదు. "ఇది బంటు. ఒక గడి ముందుకు. కొట్టేటప్పుడు ఐమూలగా. ఇది ఏనుగు, తిన్నగా పోతుంది. ఇది శకటు, ఐమూలగా పోతుంది. ఇది గుర్రం, ఇలా దూకుతుంది. దీన్ని, ఈ నా రాజును, ఎటూ కదలకుండా పట్టుకోవాలి. పట్టుకుంటే కట్టు అనాలి. అంతే. భయపడకు."

"కట్టు," అన్నాడాయన పాఠం అప్పజెప్పినట్టు.

"సమ్మతమేనా?" అంది ఇత్తడి బొమ్మ. కూతురు సమ్మతమంది. ముసలాయన ఆమె ముఖం చూసి తానూ సమ్మతమన్నాడు.

తెర దిగింది. నాన్న ముఖం కనుమరుగైంది.

కువలయ చేతులు చకచకా సాగాయి. వందమంది గురువుల విద్య ఒక్కసారికి అక్కరకొచ్చింది. తెలియని చేతికి చిక్కేలా రాజును నిలబెట్టడం గెలవడం కంటే కష్టం. రాజును బయటికి లాగి, పారిపోయే ప్రతి గడినీ తన పావులతోనే నింపుతూ, ఎనిమిది ఎత్తులూ వేసేసింది. మూడు నాలుగు దారుల్లో ఏ దారిన వచ్చినా కట్టు పడుతుంది. పడమటి గోడ అవతల గంటల చప్పుడు దగ్గరవుతోంది.

తెర అవతల టక్కుమని ఒక పావు పడింది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మళ్ళీ టక్కుమంది. రెండు.

"అమ్మాయీ," అని వినిపించింది నెమ్మదిగా. "ఈ పొడుగుదాని పేరు చెప్పలేదు నువ్వు."

మంత్రి. తొందరలో మంత్రిని మర్చిపోయింది.

ఇత్తడి బొమ్మ తల ఆమె వైపు తిరిగింది. పేరొక్కటి చెప్పినా ఈ ఆట చెల్లదు, ఇంకో ఆట లేదు. కువలయ రెండు చేతులతో నోరు మూసుకుంది. పడమటి గోడ బీటలు వారి మొదటి రాయి ఊడి పడింది. ద్వారం దగ్గర దండన్న అరుస్తున్నాడు.

"సరేలే," అన్నాడు తెర అవతల నాన్న. "నీకూ తెలియదేమో. ఇద్దరం కలిసి చూద్దాం, భయపడకు."

మూడో పావు టక్కుమని పడింది.